బంగాళదుంప రసంతో ఎంజైము వేగం, ఉత్తేజన శక్తి కొలవడం ఎలా?

మరుగుతున్న పాలలో తోడు వేస్తే పెరుగు కాదు. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన పాలలో వేసి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేస్తే తెల్లారినా పాలు పాలలాగే ఉంటాయి. రెండు గిన్నెల్లోనూ పెరుగు కాలేదు గానీ కారణాలు వేరు. చల్లటి గిన్నెలో పని మందగించింది, అంతే. బయట పెడితే మళ్లీ మొదలవుతుంది. మరిగిన గిన్నెలో పని చేసేవే పోయాయి. తర్వాత ఎంత చల్లార్చినా లాభం లేదు.

ఎంజైములంటే జీవకణాల్లో చర్యల వేగం పెంచే ప్రొటీన్లు. వాటి పాఠంలో పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ వేగం పెరిగి, ఒకచోట శిఖరం తాకి, తర్వాత పడిపోయే గీత పుస్తకంలో ఉంటుంది. ఆ ఒక్క గీతలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. వాటిని విడదీసి కంటికి చూపించే ప్రయోగం ఇది. ఒక పూట సమయం, ఒక బంగాళదుంప, మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటే చాలు.

చేయి పెట్టే ముందు ఈ లెక్క చూడండి

స్టవ్ నాబ్ తిప్పితే గ్యాస్ గాలితో కలుస్తుంది, కానీ లైటర్ కొట్టేదాకా మండదు. మండితే బోలెడు వేడి వస్తుందని తెలుసు, అయినా దానంతటది మొదలుకాదు. మధ్యలో ఒక గట్టు ఉంది. ఆ గట్టు ఎత్తే ఉత్తేజన శక్తి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌దీ అదే కథ. అది నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతే మోల్‌కు సుమారు 98 కిలోజౌళ్ల వేడి బయటికొస్తుంది. అయినా సీసాలో నెలల తరబడి నిలవ ఉంటుంది, ఎందుకంటే దాని ముందున్న గట్టు మోల్‌కు సుమారు 75 కిలోజౌళ్లు.

బంగాళదుంపలో, కాలేయంలో, మన రక్తంలో ఉండే కెటలేజ్ అనే ఎంజైము ఆ గట్టును సుమారు 23 కిలోజౌళ్లకు దించుతుంది. పుస్తకాన్ని బట్టి ఈ అంకె కొంత మారుతుంది, లెక్కకు ఇది చాలు. గట్టును దించుతుంది అంటున్నాం గానీ నిజానికి వేరే దారి చూపిస్తుంది. కెటలేజ్‌లోని నాలుగు భాగాల్లో ఒక్కోదాని లోపల ఒక ఇనుప పరమాణువు ఉంటుంది. మొదటి పెరాక్సైడ్ అణువు తన ఆక్సిజన్ పరమాణువొకటి ఆ ఇనుముకు అప్పగించి నీరవుతుంది. రెండో అణువు వచ్చి దాన్ని తీసుకుని నీరుగా, ఆక్సిజన్ వాయువుగా బయటికి వెళుతుంది. ఇనుము మళ్లీ ఖాళీ, తర్వాతి జత కోసం సిద్ధం. ఒక్క పెద్ద గట్టు బదులు రెండు చిన్న మెట్లు. ఎంజైము ఖర్చు కాదు, చర్యకు శక్తిని ఇవ్వదు, విడుదలయ్యే వేడిని మార్చదు.

స్వాంటే అర్హీనియస్ 1889లో ఇచ్చిన సమీకరణం ప్రకారం వేగం గట్టు ఎత్తు మీద ఘాతాంకంలో ఆధారపడుతుంది. మిగతావన్నీ సమానం అనుకుంటే, 25 డిగ్రీల దగ్గర 75 నుంచి 23కి దిగడం అంటే వేగం దాదాపు 130 కోట్ల రెట్లు పెరగడం. ఇదే సమీకరణంలో చాలామంది పట్టించుకోని విషయం ఇంకోటి ఉంది: గట్టు ఎంత ఎత్తయితే వేడి ప్రభావం అంత ఎక్కువ. 5 డిగ్రీల నుంచి 35 డిగ్రీలకు వెళితే, 75 కిలోజౌళ్ల గట్టున్న చర్య దాదాపు 24 రెట్లు వేగం అందుకుంటుంది. 23 కిలోజౌళ్ల గట్టున్న చర్య రెండున్నర రెట్లు మాత్రమే. మీ ప్రయోగంలో వేడి చేసినా వేగం పెద్దగా పెరగట్లేదనిపిస్తే తప్పు చేశామని కంగారుపడకండి. ఎంజైము తన పని చేసిందనడానికి అదే గుర్తు.

కావలసినవి

మధ్యస్థంగా ఉన్న తాజా బంగాళదుంప ఒకటి, సుమారు 100 గ్రాములు. మొలకలొచ్చినది, పచ్చబడినది వద్దు. మందుల షాపులో '20 వాల్యూమ్' అని రాసి ఉన్న హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా. ఒక లీటరు ద్రావణం నుంచి 20 లీటర్ల ఆక్సిజన్ వస్తుందని దాని అర్థం, గాఢత సుమారు 6 శాతం. పరిశ్రమల్లో వాడే 30 శాతం ద్రావణం చర్మాన్ని కాలుస్తుంది, దాని జోలికి పోవద్దు.

నీళ్లు డిస్టిల్డ్ వాటరే వాడండి, బ్యాటరీలకు పోసేది సరిపోతుంది. బోరు నీటిలో ఉండే ఇనుము, మాంగనీసు పెరాక్సైడ్‌ను తామే విడగొడతాయి, మీ కొలతలో తెలియకుండా కలిసిపోతాయి. ఇవి కాక ఫిల్టర్ పేపరు, ఆఫీసు కాగితాలకు రంధ్రాలు చేసే పంచింగ్ మెషిన్, పట్టకారు, 25 మిల్లీమీటర్ల వెడల్పున్న పెద్ద పరీక్షనాళికలు లేదా సన్నటి గాజు గ్లాసులు, సూది లేని సిరంజి, ఫోన్‌లో స్టాప్‌వాచ్, 0 నుంచి 110 డిగ్రీల దాకా చూపే ల్యాబ్ థర్మామీటరు. జ్వరం చూసే థర్మామీటరు 35 నుంచి 42 దాకానే చూపిస్తుంది కాబట్టి పనికిరాదు. రక్షణ కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకోండి.

రసం తీయడం

దుంప పొట్టు తీసి ముక్కలు కోసి, ఫ్రిజ్‌లో చల్లబడిన డిస్టిల్డ్ నీళ్లు 100 మిల్లీలీటర్లు పోసి మిక్సీలో తిప్పండి. ఐదేసి సెకన్లు, మధ్యలో ఆపుతూ, నాలుగుసార్లు. ఆపకుండా నిమిషం తిప్పితే జార్ వేడెక్కుతుంది. పల్చటి నూలుగుడ్డలో వడకట్టి గ్లాసును మంచుముక్కల గిన్నెలో పెట్టి పది నిమిషాలు కదపకండి. అడుగున తెల్లటి పిండి పేరుకుంటుంది. పైతేట మాత్రం నెమ్మదిగా ఇంకో గ్లాసులోకి వంచండి.

ఈ పది నిమిషాల ఓపిక చాలా ముఖ్యం. పిండి ఉండగానే రసాన్ని కాస్తే గంజిలా చిక్కబడుతుంది. కాగితం బిళ్ల మీద జిగురు పేరుకుని రసం సరిగా పీల్చదు. అప్పుడు ఎంజైము చెడిపోయి వేగం తగ్గిందా, జిగురు వల్ల తగ్గిందా అన్నది చెప్పలేం.

రసం గోధుమరంగులోకి మారుతుంది. అది వేరే ఎంజైము పని, కోసిన వంకాయ నల్లబడడం లాంటిదే. ఈ కొలతకు దాంతో పెద్ద ఇబ్బంది లేదు. కానీ కెటలేజ్ కూడా నెమ్మదిగా నీరసిస్తుంది కాబట్టి రసాన్ని మంచు మీదే ఉంచి గంటలోపు వాడేయండి.

కొలిచే పద్ధతి

60 మిల్లీలీటర్ల పెరాక్సైడ్‌కు 300 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీళ్లు కలపండి. 1 శాతం ద్రావణం తయారవుతుంది. ఒక్కో నాళికకు 30 మిల్లీలీటర్లు పోస్తే లోతు 6 సెంటీమీటర్ల దాకా వస్తుంది. లోతు ప్రతిసారీ ఒకేలా ఉండాలి.

ఫిల్టర్ పేపరును పంచింగ్ మెషిన్‌తో గుచ్చితే 6 మిల్లీమీటర్ల బిళ్లలు వస్తాయి. ఒక్కో బిళ్లను పట్టకారుతో పట్టుకుని రసంలో 10 సెకన్లు ముంచి, టిష్యూ కాగితం మీద 2 సెకన్లు అద్ది, పెరాక్సైడ్ నాళిక అడుగుదాకా తీసుకెళ్లి వదలండి. వదలగానే స్టాప్‌వాచ్ నొక్కండి. బిళ్ల అంచుల్లో ముందు ఆవగింజలో సగమంత బుడగలు కనిపిస్తాయి, అవి ఒకదాంతో ఒకటి కలిసి లావవుతాయి, బిళ్ల ఒకవైపు లేచి వంగుతుంది, తర్వాత ఒక్కసారిగా పైకి తేలుతుంది. ఉపరితలం తాకిన క్షణం ఆపండి. ఎంత సమయం పట్టిందో దాన్ని 1 కింద పెట్టి భాగిస్తే వచ్చేది వేగం.

ఇది ఏర్పడే పదార్థాన్ని కాలంతో కొలిచే పద్ధతి, ఎంజైముల కొలత చాలావరకు ఈ సూత్రం మీదే నడుస్తుంది. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన భాస్వరం కొలిచే రంగు పద్ధతిని తర్వాత ఫాస్ఫటేజ్ ఎంజైముల వేగం కొలవడానికి విరివిగా వాడారు. అక్కడ రంగు ముదరడం చూస్తారు, ఇక్కడ బిళ్ల తేలడం.

గది వేడిలో 8 నుంచి 30 సెకన్ల మధ్య సమయం రావాలి. అంతకన్నా తొందరగా తేలితే మీ వేలి ఆలస్యమే కొలతలో పెద్ద భాగమైపోతుంది. రసంలో సమానంగా చల్లటి డిస్టిల్డ్ నీళ్లు కలిపి మళ్లీ చూడండి. అర నిమిషం దాటినా కదలకపోతే దుంప పాతదై ఉండాలి, లేదా పెరాక్సైడ్ సీసా తెరిచి చాలాకాలమై ఉండాలి. దుంప ముక్క మీద సీసాలోని అసలు పెరాక్సైడ్ కొంచెం పోసి చూడండి, జోరుగా నురగ వస్తే రెండూ బాగున్నట్టే. ఆ నురగలోకి నిప్పు కణిక ఉన్న అగరుబత్తి కొస చూపిస్తే ఎర్రగా భగ్గుమంటుంది. వచ్చేది ఆక్సిజనే అనడానికి అది రుజువు. పిల్లలతో చేయిస్తుంటే అగరుబత్తి పెద్దవాళ్లే పట్టుకోవాలి.

బిళ్ల వదిలిన వెంటనే తేలిందంటే దానిలో గాలి చిక్కుకుంది, ఆ అంకె లెక్కలోకి తీసుకోవద్దు. ఒక్కో ఉష్ణోగ్రతకు ఐదు బిళ్లలు వేసి వచ్చిన ఐదు అంకెల్లో నడిమిది తీసుకోండి. మూడు బిళ్లలకోసారి నాళికలో ద్రావణం మార్చాలి. బిళ్ల నుంచి కారిన రసం ద్రావణంలో కలిసి అక్కడక్కడా బుడగలు లేపుతుంది, తర్వాతి బిళ్లలు తప్పుడు వేగం చూపిస్తాయి.

మొదటి వరుస: అదే వేడిలో కొలవడం

10, 20, 30, 40, 50, 60 డిగ్రీలకు ఆరు వెడల్పాటి గిన్నెలు సిద్ధం చేసుకోండి. మంచు, వేన్నీళ్లు కలుపుతూ సరిచేసుకోవాలి. రసం కొంచెం ఒక చిన్న నాళికలో, పెరాక్సైడ్ ఇంకో నాళికలో పోసి, రెండింటినీ ఒకే గిన్నెలో ఐదు నిమిషాలు ఉంచి, తర్వాత బిళ్ల ముంచి కొలవండి. పెరాక్సైడ్ మాత్రమే వేడిచేసి రసాన్ని మంచు మీంచి నేరుగా తెస్తే ఏ ఉష్ణోగ్రతను కొలిచారో మీకే తెలియదు. 'గది ఉష్ణోగ్రత' అని కూడా రాయకండి. మే నెల విజయవాడ గది వేరు, డిసెంబరు ఆదిలాబాద్ గది వేరు. థర్మామీటరు చూపిన అంకె రాయండి.

ప్రతి వేడిలోనూ ఉత్త నీళ్లలో ముంచిన బిళ్ల ఒకటి వదలాలి. 50 దాటాక ద్రావణంలో కరిగి ఉన్న గాలి బుడగలై కాగితానికి అంటుకుంటుంది. ఎంజైము లేని బిళ్ల కూడా తేలుతుంటే ఆ వేడిలో మీ కొలతకు విలువ లేదు.

వేగాలను గీతగా గీస్తే 10 నుంచి 30, 40 దాకా మెల్లగా ఎక్కి తర్వాత పడిపోవడం కనిపిస్తుంది.

రెండో వరుస: కాచి, చల్లార్చి కొలవడం

ఈ ప్రయోగానికి ప్రాణం ఇదే. చాలా ల్యాబుల్లో దీన్ని వదిలేస్తారు.

రసాన్ని ఏడు భాగాలు చేయండి. ఒకటి మంచు మీదే ఉంచండి. మిగతావి 40, 45, 50, 55, 60, 65 డిగ్రీల నీళ్లలో సరిగ్గా ఐదు నిమిషాలు పెట్టి, వెంటనే మంచులోకి మార్చండి. ఆ తర్వాత అన్నింటినీ 30 డిగ్రీలకు తెచ్చి, 30 డిగ్రీల పెరాక్సైడ్‌లోనే కొలవండి.

మంచు మీద గంటసేపు ఉన్న రసం 30కి రాగానే దాదాపు మామూలుగా పని చేస్తుంది. చలి ఎంజైమును చంపలేదు, అణువుల తాకిడిని మందగింపజేసింది, అంతే. 60, 65లో కాగిన రసం మాత్రం 30కి తిరిగొచ్చినా లేవదు. గుడ్డు తెల్లసొన ఉడికి గట్టిపడ్డాక చల్లార్చితే మళ్లీ నీరుకాదు కదా, ఇక్కడా ప్రొటీన్ మడతలు విడిపోయాయి. ఇనుము ఉన్న గూడు ఆకారం చెదిరిపోయింది.

ఎంజైము పాడవడం కూడా ఒక చర్యే, దానికీ ఒక గట్టు ఉంది. ఆ గట్టు చాలా ఎత్తు, ప్రొటీన్లకు సాధారణంగా మోల్‌కు కొన్ని వందల కిలోజౌళ్లు. ఉదాహరణకు 300 అనుకోండి. 50 నుంచి 60కి వెళితే పాడయ్యే వేగం దాదాపు 28 రెట్లు పెరుగుతుంది. అదే పది డిగ్రీల్లో 23 గట్టున్న అసలు చర్య వేగం 1.3 రెట్లే పెరుగుతుంది. గీత మెల్లగా ఎక్కి, నిట్టనిలువుగా పడిపోవడానికి కారణం ఈ రెండు గట్ల ఎత్తుల తేడా.

ఇప్పుడు 50 డిగ్రీల భాగాన్ని ఇంకోసారి చేయండి, ఈసారి ఐదు నిమిషాల బదులు ఇరవై నిమిషాలు ఉంచి. చురుకు ఇంకా తగ్గుతుంది. అంటే 'అనుకూలతమ ఉష్ణోగ్రత' అని బట్టీపట్టే అంకె ఎంజైముకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఎంతసేపు వేడిలో ఉంచి కొలిచారన్నదాన్ని బట్టి అది మారుతుంది. ఆ అంకె రాసిన ప్రతిచోటా పక్కన నిమిషాలు కూడా రాయాలి.

ఉత్తేజన శక్తి లెక్క కట్టడం

మొదటి వరుసలో గీత ఎక్కుతున్న భాగం నుంచి మాత్రమే అంకెలు తీసుకోండి, 10 నుంచి 30 దాకా మేలు. పడిపోయే భాగాన్ని కలిపితే అర్థం లేని అంకె వస్తుంది.

లెక్క చూపడానికి: 10 డిగ్రీల దగ్గర 14 సెకన్లు, 30 డిగ్రీల దగ్గర 8 సెకన్లు వచ్చాయనుకుందాం. 14ను 8తో భాగిస్తే 1.75. ఫోన్ కాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే కనిపించే 'ఎల్‌ఎన్' మీట నొక్కితే దాని సహజ సంవర్గమానం 0.56. ఉష్ణోగ్రతలకు 273 కలిపి కెల్విన్‌లోకి మార్చండి: 283, 303. 1ని 283తో భాగించిన దానిలోంచి 1ని 303తో భాగించినది తీసేస్తే 0.000233. ఇప్పుడు 0.56ను వాయు స్థిరాంకం 8.314తో గుణించి 0.000233తో భాగించండి. సుమారు 20,000 జౌళ్లు, అంటే మోల్‌కు 20 కిలోజౌళ్లు.

సెల్సియస్ డిగ్రీలనే భాగించేయడం అందరూ చేసే పొరపాటు. రెండు బిందువుల బదులు 10, 15, 20, 25, 30 దగ్గర కొలిచి, 1ని కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగించినది అడ్డంగా, వేగం సహజ సంవర్గమానం నిలువుగా పెట్టి గ్రాఫులో సరళరేఖ గీసి వాలు తీస్తే ఇంకా నమ్మకంగా ఉంటుంది. ఒక మాట దాచకూడదు: బిళ్ల తేలే సమయంలో పెరాక్సైడ్ కాగితంలోకి ఇంకే సమయం, బుడగలు కూడే సమయం కూడా కలిసి ఉంటాయి. కాబట్టి మీకొచ్చేది కెటలేజ్ అసలు గట్టు కాదు, పైకి కనిపించే గట్టు. 75కి ఎంతో దిగువన వచ్చిందా లేదా అన్నది తేల్చడానికి అది చాలు.

మిగతా మార్పులు

రసాన్ని సగం, పావు, అరపావు గాఢతకు పలుచన చేసి కొలిస్తే వేగం దాదాపు అదే నిష్పత్తిలో తగ్గాలి. పెరాక్సైడ్‌ను 1, 0.5, 0.25, 0.125 శాతాలుగా పలుచన చేసినా తగ్గుతుంది. ఎక్కువ ఎంజైములు పెరాక్సైడ్ లాంటి తమ ముడిసరుకు ఎంత పెంచినా ఒక హద్దు దాటి వేగం అందుకోవు. 1913లో మైకేలిస్, మెంటెన్ అనే శాస్త్రవేత్తలు వివరించింది దీన్నే. కెటలేజ్‌తో ఆ హద్దు ఇంట్లో చూపించడం కష్టం, గాఢమైన పెరాక్సైడ్ ఆ ఎంజైమునే దెబ్బతీస్తుంది.

పుల్లదనం ప్రభావం చూడాలంటే 5 మిల్లీలీటర్ల రసంలో 1 మిల్లీలీటరు తెల్ల వెనిగర్ కలపండి. నిమ్మరసం వద్దు, అందులోని సి విటమిన్ కొలతలో వేలు పెడుతుంది. పక్కన అంతే నీళ్లు కలిపిన రసం ఉండాలి, లేకపోతే పలచబడ్డ ప్రభావాన్ని పుల్లదనం ఖాతాలో వేస్తారు.

స్కూలు ల్యాబులో మాంగనీస్ డయాక్సైడ్ నల్లపొడి ఉంటే చిటికెడు పెరాక్సైడ్‌లో వేయండి, అదీ బుడగలు లేపుతుంది. ఇంకో చిటికెడు నీళ్లలో మరిగించి, చల్లార్చి వేయండి. మళ్లీ అలాగే బుడగలొస్తాయి. ఐదు నిమిషాలు మరిగించిన దుంపరసం మాత్రం ఊరుకుంటుంది. రెండూ ఉత్ప్రేరకాలే, అంటే తాము ఖర్చుకాకుండా చర్య వేగం పెంచేవే, కానీ నల్లపొడికి విడిపోయే మడతలు లేవు.

అయిపోయాక నాళికల్లో మిగిలింది బోలెడు నీళ్లతో సింకులో పోయండి. పొదుపు కోసం పెరాక్సైడ్ సీసాలోకి మాత్రం తిరిగి పోయవద్దు, రసం తగిలిన సిరంజిని కూడా అందులో ముంచవద్దు. ఎంజైము ఖర్చు కాదు కాబట్టి ఒక్క చుక్క రసం చేరినా అది చాలాసేపు పని చేస్తూ ఉంటుంది. మూత బిగించిన సీసాలో ఆక్సిజన్ నిండి, అర్ధరాత్రి అల్మరాలో మూత ఎగిరిపోవచ్చు.